ఆ పెళ్లిలో అందరూ ఆడపెళ్లివారే

ఒంగోలులో జరిగినా, గుంటూరులో జరిగినా, సికింద్రాబాదులో జరిగినా తెలుగు క్రైస్తవ పెళ్లిలో ఎఫెసీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయం వినబడకపోవడం అరుదు. తెల్లచీరలో పెళ్లికూతురు, సూటులో పెళ్లికొడుకు, వెనక బెంచీల నిండా బంధువులు. అయ్యగారు వాక్యం చదువుతారు. భార్య భర్తకు లోబడాలన్న మాట దగ్గర గొంతు కాస్త పెరుగుతుంది. పదేళ్లు గడిచినా, ఇరవయ్యేళ్లు గడిచినా ఆ మాట ఇంట్లో అందరికీ గుర్తుంటుంది, గొడవ వచ్చినప్పుడల్లా పైకి వస్తుంది. దాని తరవాత చదివిన వాక్యాలు మాత్రం చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండవు.

ఆ అధ్యాయంలో భార్యలతో మాట్లాడినవి మూడు వచనాలు. భర్తలతో మాట్లాడినవి దానికి రెండింతలకు పైనే. క్రీస్తు సంఘం కోసం తనను తాను అప్పగించుకున్నట్టు భర్త భార్యను ప్రేమించాలన్నది వాటి సారం. అంటే ప్రాణం పెట్టేదాకా. ఈ రెంటికీ ముందు, 21వ వచనంలో, విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడి ఉండాలన్న మాట ఉంది. పెళ్లిలో చదివేటప్పుడు చాలాచోట్ల దాన్ని వదిలేసి 22 నుంచి మొదలుపెడతారు.

దేవుడికీ, ఆయన్ని నమ్మిన ప్రజలకూ ఉన్న బంధాన్ని పెళ్లితో పోల్చడం బైబిల్లో ఏదో ఒక మూల మెరిసి మాయమయ్యే అలంకారం కాదు. క్రీ.పూ. 8వ శతాబ్దపు హోషేయ నుంచి క్రీ.శ. మొదటి శతాబ్దం చివర్లో వచ్చిన ప్రకటన గ్రంథం దాకా, ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఆ పోలిక సాగింది. ఆ దారి పొడవునా నడిచి చూస్తే భర్తలకు పెత్తనం అప్పగించిన చోట్ల కంటే వరుడు నష్టపోయిన చోట్లే ఎక్కువగా తగులుతాయి. వరుడి పీట మీద ఉన్నది దేవుడు. మగవాళ్లూ ఆడవాళ్లూ, పాస్టర్లూ బిషప్పులూ అంతా వధువు కిందే లెక్క. ఆ పెళ్లిలో మగపెళ్లివారంటూ మనుషుల్లో ఎవరూ లేరు. ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్లే అంత గొప్ప పోలిక ఎంతోమంది స్త్రీల నెత్తిన బరువై కూర్చుంది.

హోషేయతో మొదలుపెట్టాలి. ఉత్తర ఇశ్రాయేలును రెండో యరొబాము ఏలుతున్న రోజులవి. సరిహద్దులు పెరిగాయి, వర్తకం పెరిగింది. రాజధాని షోమ్రోనులోని సంపన్నుల దంతపు మంచాల గురించి దాదాపు అదే కాలపు ప్రవక్త ఆమోసు మండిపడ్డాడు. అక్కడి తవ్వకాల్లో దంతపు పలకలు నిజంగానే బయటపడ్డాయి. వానకూ పంటకూ అధిపతి బయలు దేవుడని జనం అటు మళ్లారు. ఆ సమయంలో హోషేయకు వచ్చిన ఆజ్ఞ వింతైనది: నమ్మకం నిలుపుకోని స్త్రీని పెళ్లాడు. అతను దిబ్లయీము కూతురు గోమెరును చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు పుట్టారు. పెద్దవాడికి రక్తపాతం జరిగిన యెజ్రెయేలు అనే ఊరి పేరు పెట్టారు. రెండోది ఆడపిల్ల, లోరూహామా, అంటే జాలి దొరకనిది. మూడోవాడు లోఅమ్మీ, నా జనం కానివాడు. ఊళ్లో ఆ పిల్లల్ని పేరు పెట్టి పిలిచిన ప్రతిసారీ ఆ దేశం మీద తీర్పు చదివినట్టే.

మూడో అధ్యాయంలో ఆ స్త్రీ ఇంకొకరి చేతిలో ఉంది. అక్కడ పేరు రాయలేదు గానీ ఆమె గోమెరేనని తరతరాల పాఠకులు ఎక్కువమంది అర్థం చేసుకున్నారు. హోషేయ వెళ్లి ఆమెను కొనుక్కొచ్చాడు. పదిహేను తులాల వెండి, మిగతాది యవలు. ధర్మశాస్త్రంలో ఒక బానిస ప్రాణానికి కట్టిన వెల ముప్పై తులాలు. సగం వెండిగా, సగం ధాన్యంగా చెల్లించాడంటే అతని దగ్గర చేతినిండా డబ్బు కూడా లేదని వ్యాఖ్యాతలు ఊహించారు. తన భార్యను తానే సంతలో సరుకులా కొనుక్కోవాల్సి రావడం ఏ మగవాడికైనా తల ఎత్తుకోలేని పని. బైబిలు దేవుణ్ణి ఆ భర్త స్థానంలో నిలబెట్టింది. తప్పు చేసినవాళ్లను వెతుక్కుంటూ, పరువు పోగొట్టుకుని, కూడబెట్టిన గింజలు కొలిచి ఇచ్చే భర్త స్థానంలో.

తెలుగు పాఠకుడికి దేవుణ్ణి ప్రియుడిగా చూడడం కొత్త కాదు. గోదాదేవి రంగనాథుణ్ణి వరించిన కథను కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రాశాడు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో అలమేలుమంగ వేంకటేశుడి కోసం తపిస్తుంది. క్షేత్రయ్య పదాల్లో నాయిక మువ్వగోపాలుడి కోసం ఎదురుచూస్తుంది. అతను మరో స్త్రీ దగ్గరి నుంచి వస్తే నిలదీస్తుంది. విరహం భక్తురాలిది, ఆలస్యం దేవుడిది. హోషేయ దగ్గరికి వచ్చేసరికి ఈ వరస తలకిందులవుతుంది. ఇల్లు విడిచి వెళ్లింది ప్రజ. గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నది దేవుడు. ఏ సంప్రదాయం గొప్పదన్న తూకం ఇక్కడ అవసరం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రవక్తలు ఎంత సాహసం చేశారో తెలుస్తుంది. దేవుడికి విరహం ఉంటుందని, ఆయన మనసు గాయపడుతుందని, ఆ గాయంతోనే ఆయన మాట్లాడతాడని చెప్పారు వాళ్లు.

యిర్మీయా ఇంకో అడుగు వేశాడు. విడిచిపెట్టిన భార్య మరొకరిని పెళ్లాడితే మొదటి భర్త ఆమెను మళ్లీ చేసుకోకూడదని ద్వితీయోపదేశకాండం నియమం పెట్టింది. యిర్మీయా మూడో అధ్యాయంలో దేవుడు ఆ నియమాన్ని తానే గుర్తుచేస్తాడు. ఉత్తర రాజ్యానికి విడాకుల పత్రం కూడా ఇచ్చేశానంటాడు. అంతా అయ్యాక, తిరిగి రమ్మని పిలుస్తాడు. తాను ఇచ్చిన ధర్మం ఒకవైపు లాగుతుంటే, వదులుకోలేని ప్రేమ మరోవైపు లాగుతున్న గొంతు అది. ఇంత పిలుపు వినిపించిన యిర్మీయాకు మాత్రం పెళ్లి చేసుకోవద్దని ఆజ్ఞ. అతని ఒంటరి బతుకే రాబోయే బబులోను చెరకు సూచన అయింది.

చెర వచ్చింది, యెరూషలేము కూలింది. ఆ శిథిలాల మధ్య మళ్లీ పెళ్లిమాట ఎత్తింది యెషయా గ్రంథం. సృష్టించినవాడే నీకు భర్త అని, విధవరాలి అవమానం ఇక నీకు గుర్తుండదని 54వ అధ్యాయం ఆ నగరాన్ని ఓదారుస్తుంది. 62వ అధ్యాయం దానికి కొత్త పేర్లు పెడుతుంది. తెలుగు క్రైస్తవ ఇళ్లలో ఆడపిల్లలకు బ్యూలా, హెప్సిబా అని పెట్టుకునే పేర్లు అక్కడివే. దిక్కులేనిదని అందరూ అన్న ఊరిని ఇష్టపడి ఏలుకుంటానన్న మాటలు ఆ పేర్లలో ఉన్నాయని, వాటిని మోస్తున్న ఆడపిల్లలకు ఎవరైనా చెబితే బాగుండు.

కొత్త నిబంధనలో ఈ పోలిక ఒక పల్లెటూరి పెళ్లితో తలుపు తీస్తుంది. గలిలయలోని కానా. పెళ్లి మధ్యలో ద్రాక్షారసం అయిపోయింది. అది పెళ్లికొడుకు తరఫు బాధ్యతేనని యోహాను సువార్తలోనే తెలుస్తుంది, ఎందుకంటే విందు పెద్ద రుచి చూశాక మెచ్చుకోవడానికి పిలిచింది పెళ్లికొడుకునే. యేసు ఆరు రాతి బానల్లో నీళ్లు నింపించాడు. ఇప్పటి కొలతల్లో మొత్తం సుమారు అయిదారు వందల లీటర్లు. ఆ నీళ్లు ద్రాక్షారసమయ్యాయి. ఎవరికీ చెప్పకుండా పెళ్లికొడుకు చేయాల్సిన పని ఆయన చేశాడు. పేరు ఆ ఇంటి వరుడికి దక్కింది. తరవాతి అధ్యాయంలోనే బాప్తిస్మమిచ్చే యోహాను తనను పెళ్లికొడుకు స్నేహితుడిగా చెప్పుకుని, అసలు వరుడు ఎవరో చూపిస్తాడు. ఈ రెండు ఘట్టాలనూ రచయిత పక్కపక్కన పేర్చడం యాదృచ్ఛికం కాదనే అనిపిస్తుంది.

యేసు పెళ్లి చేసుకోలేదు. పౌలు తన ఉత్తరాలు రాసేనాటికి ఒంటరివాడే. వధువును ఒకే భర్తకు ప్రధానం చేశానని కొరింథు సంఘానికి రాసిన పౌలు, ఆ వధువులో కొరింథులోని ఓడరేవు కూలీలనూ, వర్తకులనూ, బానిసలనూ అందరినీ కలిపేశాడు. పోలికలో వధువు ఎప్పుడూ ఒక సమూహమే: ఒక జనం, ఒక నగరం, ఒక సంఘం.

వ్యక్తి ఆత్మను వధువుగా చూడడం పరమగీతం చదివినవారి వల్ల బలపడింది. రెండో శతాబ్దపు యూదు గురువు అకీవా ఆ చిన్న ప్రేమకావ్యాన్ని లేఖనాలన్నిటిలోకీ అతి పవిత్రమన్నాడు. మూడో శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను దానికి వ్యాఖ్యానం రాశాడు. ఫ్రాన్సులోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు 1135లో దాని మీద ప్రసంగాలు మొదలుపెట్టి, 1153లో చనిపోయే నాటికి 86 ప్రసంగాలు చేశాడు. అప్పటికి మూడో అధ్యాయం ఆరంభం దగ్గరే ఉన్నాడు! 1577, 78 సంవత్సరాల్లో స్పెయిన్‌లోని టొలేడోలో చీకటి గదిలో బందీగా ఉన్న సిలువ యోహాను, ప్రియుణ్ణి వెతుక్కుంటూ తిరిగే వధువు గొంతుతో కవిత్వం కట్టాడు. గడ్డాలున్న మఠవాసులు నిస్సంకోచంగా తమను వధువులుగా చెప్పుకున్నారు. మగతనానికి ఏమైనా లోటు వస్తుందని వాళ్లు అనుకోలేదు.

సంఘంలో వధువైన మగవాడు ఇంటికి వచ్చేసరికి మాత్రం వరుడి పీట మీదికి మారి కూర్చుంటాడు.

ఎఫెసు పత్రిక వెలువడిన లోకం సంగతి తెలిస్తే ఈ పీటమార్పు ఎంత పొరపాటో కనబడుతుంది. రోమా చట్టంలో కుటుంబ పెద్దకు పిల్లల మీద, బానిసల మీద దాదాపు హద్దులేని అధికారం ఉండేది. భార్యను, పిల్లలను, బానిసలను ఎలా ఏలాలో ఇంటి యజమానికి చెప్పడం అరిస్టాటిల్ నాటి నుంచి ఉన్న వాడుక. ఈ పత్రిక ఆ పాత చట్రాన్నే తీసుకుంది. భార్య లోబడాలన్న మాట అప్పటి లోకానికి కొత్త కాదు, ఎవరినీ ఉలిక్కిపడేలా చేసి ఉండదు. ఇంటి యజమానితో నీ భార్య కోసం నిన్ను నువ్వు అప్పగించుకో అనడమే వినని మాట. ఆ సభలో నిశ్శబ్దంగా తల దించుకోవాల్సింది మగవాళ్లే. శిరస్సు అన్న పోలిక అక్కడ నిజంగానే ఉంది, దాన్ని లేదనలేం. కానీ ఆ శిరస్సుకు పెట్టినది ముళ్ల కిరీటం.

మన దేశంలో ఈ పొరపాటు చట్టంలోకి కూడా ఎక్కింది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచారం రుజువైతే చాలు, భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు మాత్రం భర్త వ్యభిచారం ఒక్కటీ చాలదు. దానికి క్రూరత్వమో, రెండేళ్లకు తగ్గకుండా వదిలేసి వెళ్లడమో తోడు చూపించాలి. ఇంగ్లండు 1857లో చేసుకున్న చట్టం అచ్చులో పోసినది ఇది. ఇంగ్లండు 1923లోనే ఆ తేడా తీసేసింది. మన దగ్గర 1995లో కేరళ హైకోర్టు ఆ నిబంధనల్లో కొంత భాగాన్ని కొట్టేసింది, 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. అంతదాకా నూట ముప్పై ఏళ్లకు పైగా, దేవుడు తానే గాయపడిన భర్తగా నిలబడిన గ్రంథాన్ని నమ్మే స్త్రీ, తన గాయం ఒక్కటే సరిపోదని కోర్టులో వినాల్సి వచ్చింది.

చట్టం మారినా సలహా మారలేదు. దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన అమ్మాయికి హోషేయ కథ చెప్పి, సర్దుకుపోమని పంపించే పెద్దలు ఇంకా ఉన్నారు. ఇది ఆ కథకు చేసే అన్యాయం. హోషేయలో తిరిగి చేర్చుకోవాలన్న నిర్ణయం గాయపడినవాడిదే, ఏ సంఘపెద్దలూ పంచాయితీ చేసి అతని మీద రుద్దలేదు. పైగా ఆ గ్రంథం చివరి అధ్యాయంలో, తప్పు చేసినవాళ్లు తప్పు ఒప్పుకుని మాటలతో సహా సిద్ధపడి రావాలి. కొట్టిన భర్త మారకుండా, కొట్టించుకున్న భార్య తిరిగి వెళ్లడం హోషేయలో ఎక్కడా లేదు. పెళ్లైన 18 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 29 శాతం భర్త చేతిలో హింస అనుభవించారని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అన్ని మతాల ఇళ్లూ కలిపిన లెక్క అది. చర్చి బెంచీల మీద కూర్చునేవాళ్లు అందులో లేరనుకోవడం ఆత్మవంచన.

ప్రవక్తల మాటల్లోనూ కటువైన చోట్లు ఉన్నాయి. హోషేయ రెండో అధ్యాయంలో, యెహెజ్కేలు 16, 23 అధ్యాయాల్లో కోపించిన భర్త చేసే బెదిరింపులు, బట్టలు ఊడదీయిస్తానన్న మాటలు ఈనాటి పాఠకురాలికి గుచ్చుకుంటాయి. అమెరికాకు చెందిన బైబిలు పండితురాలు రెనిటా వీమ్స్ 1995లో ఈ భాగాల మీద ఒక పుస్తకమే రాసి, ఇలాంటి పోలికలు ఇంట్లో హింసకు ఎలా ఊతమిస్తాయో చర్చించింది. ఆమె లేవనెత్తిన ఇబ్బందిని దాటవేయకూడదు. ఆ మాటలు దేశం మీదికి వస్తున్న సైన్యాల గురించి, ముట్టడి గురించి, ఎక్కువగా మగ నాయకులను ఉద్దేశించి చెప్పినవి. మొగుడికి చేతిలో కర్ర పెట్టడానికి చెప్పినవి కావు. ఈ ఒక్క వాక్యం ప్రసంగ వేదిక మీది నుంచి చెప్పకుండా ఆ అధ్యాయాలను చదవనేకూడదు. పోప్ ఫ్రాన్సిస్ 2016లో కుటుంబం మీద విడుదల చేసిన పత్రంలో, క్రీస్తుకూ సంఘానికీ ఉన్న ఐక్యతను అచ్చంగా తమ కాపురంలో చూపించాలన్న పెనుభారం ఇద్దరు మామూలు మనుషుల మీద మోపనక్కర్లేదని హెచ్చరించారు. అది అందరు పాస్టర్లూ వినదగ్గ మాట.

ఇక కట్నం. పాత ఇశ్రాయేలు ఆచారంలో వరుడి వైపు నుంచే వధువు ఇంటికి ఓలి వెళ్లేది. కొత్త నిబంధనలో సంఘాన్ని క్రీస్తు తన రక్తం ఇచ్చి కొన్నాడని అపొస్తలుల కార్యాల గ్రంథం 20వ అధ్యాయం చెబుతుంది. పోలిక మొత్తం ఈ ఇరుసు మీద తిరుగుతుంది: వెల వరుడే చెల్లించాడు. ఈ కథను ప్రతి ఆదివారం పాడి, ప్రార్థించి, కొడుకు పెళ్లి మాటలు వచ్చేసరికి పొలమూ బంగారమూ కారూ లెక్క కట్టి తీసుకునే తెలుగు క్రైస్తవ కుటుంబాలు తక్కువేమీ కాదు. కట్నం తీసుకోవడం 1961 చట్టం కింద నేరమన్నది అందరికీ తెలుసు. విశ్వాసులకు అంతకంటే పెద్ద చిక్కు ఉంది. వధువు ఇంటి నుంచి వెల రాబట్టి, అదే రోజు క్రీస్తుకూ సంఘానికీ పోలికగా ఆశీర్వాదం అడగడం, ఆ సిలువను తిరగేసి నిలబెట్టడమే. కట్నం మాట్లాడుకున్నారని తెలిసిన పెళ్లి ప్రకటనను పాస్టరు ఆదివారం ఆరాధనలో చదవకూడదు. ఇందులో మొహమాటానికి చోటు లేదు.

పెళ్లికాని స్త్రీలను, విధవరాళ్లను, విడిపోయినవారిని సంఘంలో లోటుగా చూడడం కూడా ఈ పోలిక తెలియకనే. పునరుత్థానంలో పెళ్లిళ్లు ఉండవని యేసే చెప్పాడు. పెళ్లి అనే గురుతు అక్కడితో ఆగిపోతుంది. ముప్పై దాటిన అమ్మాయిని స్త్రీల సమాజంలో ప్రతివారం పెళ్లెప్పుడని అడిగేవారు, వధువైన సంఘంలో ఆమె ఇప్పటికే పూర్తిగా సభ్యురాలని మరిచిపోతున్నారు.

దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్పుగా ఎగ్గోని పుష్పలలిత 2013లో నంద్యాలలో అభిషిక్తురాలయ్యారు. తెలుగు నేలకే దక్కిన ఘనత అది. అయినా కాపురాల గొడవలు విని తీర్పు చెప్పే సంఘ కమిటీల్లో ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్లే. ఫిర్యాదు చెప్పుకోవడానికి వచ్చిన అమ్మాయి ఎదురుగా కనీసం సగం మంది స్త్రీలు కూర్చోవాలి. ఆమెకు ముందు భద్రమైన చోటు చూపించాలి, 2005 నాటి గృహహింస నిరోధక చట్టం ఏమి ఇస్తుందో చెప్పాలి, ఆ తరవాతే ప్రార్థన.

మలాకీ ప్రవక్త తన కాలపు మగవాళ్లతో, యౌవనంలో చేసుకున్న భార్యకు ద్రోహం చేసినందుకే మీ అర్పణలను దేవుడు చూడడం లేదని ముఖం మీదే చెప్పాడు. తిమోతికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయం, అధ్యక్షుడిగా ఉండేవాడు కొట్టేవాడు కాకూడదని అర్హతల్లోనే రాసింది. ఆస్తులకూ పదవులకూ కోర్టుల దాకా వెళ్లే సంఘాలు ఈ ఒక్క అర్హత మీద ఎంతమంది అభ్యర్థులను ఆపాయో చెప్పగలగాలి. వచ్చే పాస్టరేట్ ఎన్నికల్లో పెద్దల నామినేషన్లు పరిశీలించేవారు చందా బాకీల కంటే ముందు అది చూడాలి. దాని గురించి అభ్యర్థి భార్యతో ఏకాంతంగా మాట్లాడే బాధ్యత స్త్రీలకే అప్పగించాలి.